ఆగమన కాలానికి ఒక్క పల్లవి: మా పారిష్‌లో మొదలుపెట్టిన తీరు

చర్చిలో పాటలు పాడే బృందంలో, అంటే క్వయర్‌లో, కొన్నాళ్ళు ఉన్నవాళ్ళెవరికైనా ఈ సంగతి తెలుసు. నవంబరు సగం దాటగానే ప్రాక్టీసులు జోరందుకుంటాయి, కానీ అదంతా క్రిస్మస్ కోసమే. అర్ధరాత్రి పూజకి ఏ పాట, ఎవరు సోలో, కొత్త కేరల్స్ ఎన్ని, ఇదే గొడవ. మధ్యలో ఉన్న నాలుగు ఆగమన ఆదివారాలకి, అంటే క్రీస్తు రాకకి ఎదురుచూసే వారాలకి, ఏం పాడుతున్నామని అడిగితే "అదేముంది, ఎప్పుడూ పాడేవే" అంటారు. పాటల పుస్తకంలో ఆగమన కాలం కింద ఉన్న వాటిలో జనానికి నోటికి వచ్చినవి రెండో మూడో. వాటినే అటూ ఇటూ తిప్పి వాడేసి, మిగిలిన చోట్ల ఏడాదంతా పాడే పాటలు పెట్టేస్తాం. ఊదారంగు వస్త్రాలు, పుష్పమాలలో కొవ్వొత్తులు, ఫాదర్ గారి ప్రసంగం, అన్నీ ఎదురుచూపు గురించే మాట్లాడుతుంటాయి. పాటలు మాత్రం వాటికి సంబంధం లేకుండా తమ దారిన పోతుంటాయి.

ఆ లోటు తీర్చడానికి చిన్న పల్లవులు పాడించాలన్న ఆలోచన నాకు వచ్చింది మామూలు రోజుల పూజ వల్ల. వారం మధ్యలో పాట లేకుండా పూజ జరిగినప్పుడు మొదట్లో ఒక చిన్న వాక్యం చదువుతారు, సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) పంచే దగ్గర ఇంకోటి. పూజా గ్రంథంలో ప్రతి పూజకీ ఆ రెండూ ఉంటాయి. యాంటిఫన్ అంటారు, మన మాటలో పల్లవి అనుకోవచ్చు. నిజానికి అవి చదవడానికి పెట్టినవి కావు, బైబిలు కీర్తనతో కలిపి పాడటానికి పెట్టినవి. పాడనప్పుడే చదువుతారు. ఆదివారం మనం పాట పాడతాం కాబట్టి ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం పూజకి వచ్చేవాళ్ళు కూడా దాన్ని ఒక్కసారీ విని ఉండకపోవచ్చు.

ఒకసారి కూర్చుని ఆగమన కాలం నాలుగు ఆదివారాల ప్రవేశ పల్లవులూ, అంటే పూజ మొదట్లో వచ్చేవి, వరసగా చదివాను. మొదటి ఆదివారం 25వ కీర్తన: ప్రభూ, నా ప్రాణాన్ని నీ వైపు ఎత్తుతున్నాను. రెండోది యెషయా 30వ అధ్యాయం నుంచి, సియోను ప్రజలారా, ప్రభువు వస్తున్నాడు అని. మూడోది పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలోది, ప్రభువులో ఎప్పుడూ ఆనందించండి అని. ఆ రోజుకి గౌదేతే ఆదివారం అనే పేరు దాని లాటిన్ మొదటి మాట నుంచే వచ్చింది, గులాబీరంగు వస్త్రాలు వేసుకునేదీ అప్పుడే. నాలుగోది యెషయా 45:8, ఆకాశం మంచు కురిపించాలి, మేఘాలు నీతిమంతుణ్ణి వర్షించాలి, భూమి తెరుచుకుని రక్షకుణ్ణి మొలిపించాలి అని. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చదివితే ఒక ప్రయాణం కనిపిస్తుంది. ముందు మనం పైకి చూస్తాం, తర్వాత ఎవరో వస్తున్నారని వింటాం, ఆ తర్వాత ఆనందం, చివరికి పైనుంచి కిందికి దిగడం. ఏ పాటల పుస్తకంలోనూ నాకు ఇంత వరస దొరకలేదు.

అయితే చర్చిలో లాటిన్‌లో పాడే పాతకాలపు గ్రెగోరియన్ గానంలో ఈ పల్లవుల అసలు రాగాలు మామూలు జనం పాడేవి కావు. ఒక్కో అక్షరం మీద బోలెడు స్వరాలు, సాధన ఉన్న గాయకులే పాడాలి. ఈ ఇబ్బంది నాకొక్కడికే తోచింది కాదు. కథోలిక పీఠాధిపతులందరి రెండో వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన దైవారాధన పత్రం 117వ పేరాలోనే, చిన్న దేవాలయాల కోసం సులువైన రాగాలతో ఒక పుస్తకం తయారుచేయాలని ఉంది. అలా 1967లో గ్రాదువాలే సింప్లెక్స్ వచ్చింది, 1975లో రెండో కూర్పు. అందులో నాకు నచ్చింది రాగాలకన్నా ఏర్పాటు. ప్రతి ఆదివారానికీ వేరే పల్లవి ఇవ్వకుండా కాలానికి సరిపడే పల్లవుల్ని ఒక జట్టుగా ఇచ్చారు. అవే మళ్ళీ మళ్ళీ పాడుకోవచ్చు. జనానికి ఒక పల్లవి నోటికి పట్టాలంటే రెండు మూడు ఆదివారాలు కావాలి కదా, వారానికొకటి మారుస్తూ పోతే క్వయర్ తప్ప ఇంకెవరూ పాడరు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆగమన కాలం నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం మొదలవుతుంది, అంటే నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య. క్రిస్మస్ సోమవారం వస్తే నాలుగో వారానికి ఒక్క రోజే మిగులుతుంది, పొద్దున నాలుగో ఆదివారం, సాయంత్రం క్రిస్మస్ జాగరణ. అంత కొద్ది వ్యవధిలో నాలుగు కొత్తవి నేర్పుతానంటే నేనైనా నమ్మను.

ఇవన్నీ పట్టుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొత్తం విని, "ప్రవేశ గీతం తీసేస్తారా?" అని అడిగారు. ఆయన భయం నాకు అర్థమైంది. గురువు లోపలికి నడిచి వచ్చేటప్పుడు పాడే ఆ పాట జనానిది. దాని మీద చేయి వేస్తే పూజ అయ్యాక బయట పంచాయతీ తప్పదు. తియ్యను అన్నాను. సత్ప్రసాదం దగ్గర మొదలుపెడదాం, ప్రవేశం జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు అన్నాను. ఆయన రెండు షరతులు పెట్టారు. ఒకటి, మాటలు వాక్యానికి దగ్గరగా ఉండాలి, పాటకి అందంగా ఉందని మన కవిత్వం కలపకూడదు. ఆయన చూసి సరేనన్నాకే క్వయర్‌కి ఇవ్వాలి. రెండు, మూడు వారాలు దాటినా జనం పాడకపోతే ఆపేయాలి. రెండోది నాకు మొదట్లో టెన్షన్ పెట్టింది కానీ, తర్వాత ఆలోచిస్తే పని తేలిక చేసింది. అలాంటి గడువు ఉంటే రాగం కష్టంగా కట్టాలన్న సరదా పోతుంది.

సత్ప్రసాదమే ఎందుకంటే, అక్కడ జనం నడుస్తుంటారు. చేతులు జోడించి వరసలో వెళ్తున్న మనిషి పాటల పుస్తకం పట్టుకోలేడు, పట్టుకున్నా దాన్ని చూస్తూ నడవలేడు. అందుకే ఆ సమయంలో ఎంత మంచి పాట పెట్టినా క్వయర్ ఒక్కటే పాడుతుంది, మిగతావాళ్ళు నోరు మూసుకుని నడుస్తారు. ఒక్క చిన్న వాక్యమైతే పుస్తకం అక్కర్లేదు. మధ్యలో చరణాలు ఒకరు పాడతారు, పల్లవి రాగానే ఎవరెక్కడ ఉంటే అక్కడి నుంచే అందుకోవచ్చు. నన్నడిగితే పల్లవులు మొదలుపెట్టాలనుకునే ఏ పారిష్ అయినా ఇక్కడే మొదలుపెట్టాలి. ప్రవేశం దగ్గర మొదలుపెట్టినవాళ్ళు చాలామంది మొదటి ఆదివారమే తలనొప్పి తెచ్చుకుంటారు.

మొదటి ఆదివారం సత్ప్రసాద పల్లవి 85వ కీర్తనలోది. ప్రభువు మేలు చేస్తాడు, మన నేల తన పంట ఇస్తుంది అని. ఇదే కీర్తన మూడో ఆదివారం ప్రవేశ పల్లవి వెంట కూడా వస్తుంది. కాబట్టి కాలం మొత్తానికి ఈ ఒక్కటే పెట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఫాదర్ గారు సరేనన్న మాటలు ఇవి: "ప్రభువు మేలు చేయును, మన నేల పంటనిచ్చును." అంతే. మొత్తం పల్లవి ఇంతే.

రాగం కట్టేటప్పుడు నేను పెట్టుకున్న నియమాలు తక్కువే. అయిదు స్వరాలు దాటకూడదు. పెద్ద గెంతులు ఉండకూడదు. అక్షరానికి ఒక్క స్వరం. మొదటిసారి విని, రెండోసారి లోపల్లోపల అనుకుని, మూడోసారి బయటికి పాడగలగాలి. గ్రెగోరియన్ గానంలోని మొదటి మోడ్ (అంటే స్వరాల వరస) తీసుకున్నాను, ఎందుకంటే ఆ సత్ప్రసాద పల్లవి అసలు రాగం కూడా ఆ మోడ్‌లోనే ఉంటుంది. సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి చెప్పాలంటే అవి మన ఖరహరప్రియ స్వరాలే, గమకాలు లేకుండా. మొదటి సగానికి స స రి, గ మ, గ రి రి. రెండో సగానికి గ గ మ గ, రి గ రి స స. "మేలు" దగ్గర కాస్త పైకి వెళ్ళి, "చేయును" దగ్గర రిషభం మీద ఆగుతుంది. ఆ ఆగడం వల్ల ఇంకా ఏదో రావాలని చెవికి తెలుస్తుంది, "నిచ్చును" దగ్గర షడ్జమానికి దిగేసరికి ఇల్లు చేరినట్టు ఉంటుంది. పంచమం దాకా కూడా వెళ్ళలేదు. గొంతు బొంగురుపోయిన పెద్దాయన కూడా పాడగలడు.

చరణాలకి రాగం అక్కర్లేదు, కీర్తన స్వరం ఉంటే చాలు. ఒకే స్వరం మీద నిలబడి వాక్యం చదివినట్టు పాడుకుంటూ వెళ్ళి, సగంలో చిన్న విరుపు, చివర్లో ఒక దిగుడు. మేం పంచమం మీద నిలిచాం. వినడానికి సులువే కానీ మాటలు పొదగడమే అసలు పని, నా సాయంత్రాలు చాలా వరకు దానికే పోయాయి. మన వాక్యం చివర క్రియ ఉంటుంది, అది పొడుగ్గా ఉంటుంది. "కృపయు సత్యమును కలిసికొనినవి" అనే పాదంలో ఎక్కడ నుంచి దిగాలి? "కలిసి" దగ్గరా, "కొనినవి" దగ్గరా? తొందరగా దిగితే చివరి అక్షరాలన్నీ కింద కుప్పగా పడతాయి, ఆలస్యంగా దిగితే "నవి" మీద బరువు పడి నవ్వొస్తుంది. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ప్రతి పాదంలో చివరి నాలుగు అక్షరాల కింద పెన్సిల్‌తో గీత. గీత మొదలయ్యే దాకా ఒకే స్వరం, అక్కడి నుంచి దిగడం. అందులో ఎక్కడైనా మాట విరిగినట్టు వినిపిస్తే గీతను ఒక అక్షరం ముందుకో వెనక్కో జరపడం. ఇది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాదు, నోటితో పాడుతూ చేయాలి. కాగితం మీద సరిగ్గా కనిపించినవి నోట్లో పడగానే తేలిపోయాయి.

క్వయర్‌కి వినిపించిన రోజు పెద్దగా స్పందన లేదు. పాడారు, అయిపోయింది. తర్వాత ఒకమ్మాయి, "ఇంతేనా?" అంది. ఆమె మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. నాలుగు గొంతుల పాటలు సాధన చేసేవాళ్ళకి నాలుగే స్వరాల పల్లవి ఇస్తే ఎవరైనా అదే అడుగుతారు. ఇది మనం పాడటానికి కాదు, వాళ్ళతో పాడించడానికి అన్నాను. కొందరికి ఎక్కింది. కొందరు ఆ సీజన్ అయ్యేదాకా కేరల్ ప్రాక్టీస్ ఎప్పుడు మొదలవుతుందా అని వాచీ చూసుకుంటూనే ఉన్నారు, వాళ్ళని నేనేమీ అనలేదు.

కీబోర్డు అబ్బాయిది ఇంకో బాధ. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీ దొరికితే అతని వేళ్ళు ఊరుకోవు. ఒక చిన్న బిట్, దాని వెనక రిథమ్ ప్యాడ్. "అన్నా, ఏమీ లేకుండా ఎట్లా, బోసిగా ఉంటుంది" అన్నాడు. ఆగమన కాలంలో ఆర్గన్, ఇతర వాయిద్యాలు మితంగా వాడాలి, క్రీస్తు జయంతి ఆనందాన్ని ముందే తోడేయకూడదు అని పూజా గ్రంథం ముందుండే సాధారణ నియమావళి 313వ పేరాలో ఉంది. అది చూపించాను. చదివి, "అంటే నేనేం వాయించాలి?" అన్నాడు. ఒక షడ్జమం, దానికి పంచమం, తగ్గించిన శబ్దంలో పట్టుకుని ఉంచు, చరణం పాడేవాళ్ళకి ఆధారం ఉంటే చాలు అన్నాను. బిట్ లేకపోవడం వల్ల పల్లవి నుంచి చరణానికి, చరణం నుంచి పల్లవికి నడక ఆగకుండా సాగింది. బిట్ వాయిస్తే జనం అది అయ్యేదాకా ఆగి, మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియక తికమకపడతారు. రిథమ్ లేకపోయేసరికి మాటలు కూడా స్పష్టంగా వినిపించాయి.

చరణాలు ఎవరు పాడాలన్న దగ్గర కాస్త నాజూకుగా నడుచుకోవాల్సి వచ్చింది. మంచి గొంతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, సోలో అంటే వాళ్ళే అని అందరికీ అలవాటు. కానీ బాగా పాడేవాళ్ళు సంగతులు వేయకుండా ఉండలేరు, వాళ్ళు సంగతులు వేస్తే జనం వింటారు తప్ప పాడరు. మా దగ్గర పఠనాలు చదివే ఒకావిడ ఉంది. పాట పెద్దగా రాదు, శ్రుతి తప్పదు, మాట మాత్రం చివరి వరస దాకా వినిపిస్తుంది. ఆమెను అడిగితే "నేనా?" అని కంగారుపడింది. మీరు చదివినట్టే పాడండి, ఎక్కువ చేయొద్దు అన్నాను. అదే సరిపోయింది.

మైకు గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి. చరణం పాడేవాళ్ళు పల్లవి వచ్చినప్పుడు మైకు నుంచి పక్కకి జరగాలి. క్వయర్ మైకు కూడా తగ్గించాలి. స్పీకర్లలోంచి పెద్దగా పల్లవి వినిపిస్తుంటే, నా గొంతు ఎందుకులే అని జనం ఊరుకుంటారు. ఒక్కసారి మైకు ఖాళీ అయితే తమ గొంతులు తమకే వినిపిస్తాయి. మొదటిసారి ఆ ఖాళీలో సన్నగా గొణిగినట్టు ఉంటుంది, దానికి భయపడి క్వయర్ మళ్ళీ అందుకోకూడదు. మా వాళ్ళు మొదటి రెండుసార్లు అందుకోబోతుంటే చేత్తో ఆపాల్సి వచ్చింది.

మొదటి ఆదివారం పూజకి ముందు ఫాదర్ గారు సక్రిస్తీలో, అంటే వస్త్రాలు వేసుకునే గదిలో, తయారవుతుండగా పల్లవి నేర్పించాం. రెండు నిమిషాలు, అంతకన్నా లేదు. ఇది ఆగమన కాలం, ఈ నాలుగు వారాలూ సత్ప్రసాదం దగ్గర ఇది పాడుకుందాం, పుస్తకాలు అక్కర్లేదు, వినండి అన్నాను. పఠనాలు చదివే ఆవిడ ఒకసారి పాడింది, జనం ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఉపన్యాసం ఇవ్వలేదు. మహాసభ, గ్రెగోరియన్, మోడ్, ఈ మాటలేవీ అక్కడ రాలేదు, రాకూడదు కూడా.

ఇక సత్ప్రసాదం వేళ. నియమావళి ప్రకారం గురువు సత్ప్రసాదం స్వీకరిస్తున్నప్పుడే ఆ గానం మొదలవ్వాలి. మామూలుగా మేం ఆయన స్వీకరించి, అందరికీ ఇవ్వడానికి కిందికి దిగాక మొదలుపెట్టేవాళ్ళం. ఈసారి ముందే మొదలుపెట్టాం కాబట్టి వరసలు లేచేసరికి పల్లవి అప్పటికే గాల్లో ఉంది, జనం దానిలోకి లేచి నడిచారు. మొదటి రెండు చరణాలదాకా క్వయర్ వైపు నుంచే శబ్దం. తర్వాత స్వీకరించి వెనక్కి వెళ్ళి మోకరిల్లినవాళ్ళ దగ్గర నుంచి రావడం మొదలైంది. ఇది నేను ఊహించలేదు, ముందుకు నడిచేవాళ్ళు పాడతారనుకున్నాను. నడిచేవాళ్ళ కన్నా తిరిగి వచ్చి తమ చోట ఉన్నవాళ్ళే ఎక్కువ పాడారు. వరస పొడుగు కాబట్టి చరణాలు అయిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళాం, ఎవరూ గమనించలేదు. పొడుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వరస అయిపోగానే ఒక పల్లవితో ఆపేయవచ్చు. పాట మధ్యలో మూడో చరణం దగ్గర తెగ్గొట్టే ఇబ్బంది లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. క్వయర్‌వాళ్ళకి సత్ప్రసాదం ఎప్పుడూ గాభరానే, పాట ఆపి పరుగెత్తాలి లేదా చివర్లో ఎవరో తెచ్చి ఇవ్వాలి. పాడేవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా స్వీకరించేలా చూడాలని నియమావళిలో ఉంది కానీ మాకెప్పుడూ కుదిరేది కాదు. కాగితం లేని పల్లవి కావడంతో సగం మంది వెళ్ళి వచ్చారు, తర్వాత మిగతా సగం. అప్పటిదాకా ముఖం చిట్లించిన ఒకాయన దీనికి మాత్రం, "ఇది బాగుంది" అన్నాడు.

ఫిర్యాదులు రాలేదనుకోకండి. పూజ అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, పండగ వస్తుంటే ఏడుపు రాగం ఏంటి?" అంది. ఏడుపు కాదమ్మా, ఎదురుచూపు అన్నాను. ఆమెకి నచ్చలేదు. పారిష్ కౌన్సిల్‌లో ఒకాయన, పాతకాలం లాటిన్ మళ్ళీ తెస్తున్నారా అని అడిగాడు. ఒక్క లాటిన్ మాట కూడా లేదు కదా అంటే, రాగం అలా ఉంది అన్నాడు. కుర్రాళ్ళ దగ్గర నుంచి, ఒకే వాక్యం ఎన్నిసార్లు అని. వాళ్ళ మాటలో నిజం ఉంది. క్వయర్‌లో నిలబడి ప్రతిసారీ పాడేవాళ్ళకి అది విసుగే. కానీ వరసలో ఉన్న మనిషి దాన్ని పాడేది నాలుగైదు సార్లు, మధ్యలో కీర్తన వింటాడు, స్వీకరిస్తాడు, తిరిగి వస్తాడు. పాడేవాళ్ళ విసుగుని బట్టి జనానికి కూడా విసుగు పుడుతోందని లెక్క వేయడం మన క్వయర్లకి పాత అలవాటు. ప్రతి వారం కొత్త పాట కావాలనేది ఎక్కువగా మైకు ఇవతలి వైపు కోరిక. సత్ప్రసాదం అందరికీ అయ్యాక కూర్చున్నప్పుడు పాడే స్తుతిగీతం కుర్రాళ్ళదే, దాన్ని ముట్టుకోలేదు. దానికి చోటు ఉండేలా పల్లవిని సమయానికి ఆపేశాం. దాంతో సగం గొడవ తీరింది.

రెండో ఆదివారానికి నేర్పించే పని లేకపోయింది. పూజకి ముందు ఒకసారి పాడి వదిలేశాం. పిల్లలు మాత్రం ముందు వారం నుంచీ పట్టుకున్నారు, ఉపదేశం క్లాసులో కూడా అదే అంటున్నారని సిస్టర్ చెప్పింది. ఫాదర్ గారి మూడు వారాల గడువు గుర్తుచేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మూడో ఆదివారం, గౌదేతే, ప్రవేశం దగ్గర కాస్త ధైర్యం చేశాం. ప్రవేశ గీతం మామూలుగానే పాడాం, జనం అలవాటుగా పాడారు. ఫాదర్ గారు పీఠం దగ్గరికి వచ్చి ధూపం వేస్తున్నప్పుడు, సాధారణంగా పాటలో ఇంకో చరణం లాగే సమయంలో, "ప్రభువునందు ఎల్లప్పుడు ఆనందించుడి" అనే పల్లవిని అదే కీర్తన స్వరానికి దగ్గరగా పాడాం, 85వ కీర్తనలోంచి ఒకే చరణం, మళ్ళీ పల్లవి. కొత్త రాగం కాకపోవడంతో జనం వెంటనే అందుకున్నారు. గులాబీరంగు వస్త్రం ఎందుకని ఏటా అడిగే ప్రశ్నకి ఆ రోజు ఫాదర్ గారు ప్రసంగంలో జవాబు చెప్పడానికి ఇది పనికొచ్చింది, మీరు ఇందాక పాడిందే అన్నారు. పాట తీసేయకుండా పాట తర్వాత పల్లవి పెట్టే ఈ దారి నాకు బాగా నచ్చింది. ఎవరి సొమ్మూ పోలేదు.

నాలుగో ఆదివారం మంచు, మేఘాల పల్లవిని ప్రవేశం దగ్గర అలాగే పాడదామనుకున్నాం కానీ మాటలు ఎక్కువ. జనానికి కుదరదని మొత్తం క్వయర్‌కే వదిలేశాం. జనం విన్నారు. అన్నీ అందరూ పాడాలన్న పట్టుదల నాకు లేదు, ఆ వాక్యం వినడానికి కూడా అంత బాగుంటుంది.

డిసెంబరు 17 నుంచి 23 దాకా వచ్చే "ఓ" పల్లవులు వేరే కథ. సాయంకాల ప్రార్థనలో మరియమ్మ స్తుతిగీతానికి పల్లవులుగా ఇవి రోజుకొకటి వస్తాయి: ఓ జ్ఞానమా, ఓ అదొనాయి, ఓ యెష్షయి వేరా, ఓ దావీదు తాళపు చెవీ, ఓ ఉదయ తారా, ఓ జనుల రాజా, ఓ ఇమ్మానుయేలూ. ఆ రోజుల పూజలో అల్లెలూయా వచనంగా కూడా కనిపిస్తాయి. ఆగమన కాలంలో మహిమ గీతం ఉండదు కానీ అల్లెలూయా ఉంటుంది, ఆ తేడా క్వయర్‌వాళ్ళే కొందరు మర్చిపోతుంటారు. ఈ ఏడింటికీ గ్రెగోరియన్ గానంలో ఒకే రాగపు అచ్చు ఉంటుంది, రెండో మోడ్‌లో. అంటే ఒకటి నేర్చుకుంటే ఏడూ వచ్చినట్టే. ఒకే వాక్యం ఎన్నిసార్లు అని అడిగిన కుర్రాళ్ళకి ఇది చూపించాను. ఆ వారం సాయంత్రాల్లో సాయంకాల ప్రార్థనకి వచ్చింది కొద్దిమందే, ఎక్కువగా పెద్దవాళ్ళు. పల్లవిని మేం ఇంకా తగ్గించి, పిలుపు మాత్రం ముందు పాడేవారికి, "రావయ్యా, మమ్ము రక్షించు" అనే చివరి మాట అందరికీ ఇచ్చాం. ఆ కోరిక వాక్యం అసలు పల్లవుల్లో రోజుకొక రకంగా ఉంటుంది, ఒక్కటే చేయడం వల్ల ఏదో పోతుంది, అది ఒప్పుకుంటాను, కానీ పనిదినం సాయంత్రం అలసిపోయి వచ్చినవాళ్ళతో అంతకన్నా చేయించలేం. ఏడు రోజుల్లో ఒక రోజు కీబోర్డు అబ్బాయి లేడు. ఏ వాయిద్యమూ లేకుండా పాడిన ఆ రోజే అన్నింటికన్నా శ్రుతి బాగా నిలిచింది. అతనికి చెప్తే నమ్మలేదు.

క్రిస్మస్ రోజు సత్ప్రసాదం దగ్గర మళ్ళీ పెద్ద పాట పెట్టాం, అది పండగ కాబట్టి. మొదటి చరణం అయ్యేసరికి వరసల్లో మళ్ళీ ఎవరూ పాడటం లేదు. కౌన్సిల్‌లో లాటిన్ గురించి అడిగిన ఆయనే వచ్చి, "అందరూ మానేశారేంటి?" అన్నాడు. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్కాలానికి అదే పద్ధతిలో ఇంకో పల్లవి తయారుచేస్తున్నాను. స్వరాలు ఈసారి కూడా అయిదు లోపే, చరణాలకి అదే కీర్తన స్వరం, కీర్తన మాత్రం వేరు. పెద్దావిడకి ఏడుపు రాగం అక్కడైనా నచ్చుతుందేమో చూడాలి. ఆవిడ ఒప్పుకోకపోతే ఈస్టర్‌తో మొదలయ్యే పాస్కా కాలానికి గాంధారం మార్చి కడతానని మాటిచ్చాను.